చెట్టికరైలో బొగ్గుల బట్టీ

ఉద్యోగరీత్యా ఊళ్ళు మారడం మా బ్యాంకు వాళ్ళకు కొత్త కాదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో తొమ్మిది ఊళ్ళ నీళ్ళు తాగాను. పుట్టి పెరిగిన ఊరికి వెళ్ళడానికి మాత్రం ఎప్పుడూ సెలవు దొరకదు. దొరకదో, మనమే దొరకనివ్వమో ఆ పైవాడికే తెలియాలి.

పోయిన వేసవిలో మా అక్క ఫోన్ చేసింది. "అమ్మ బేసరి నీ లాకర్లోనే మగ్గతా ఉండాది. పాప ఇంజనీరింగులో చేరి రెండేండ్లాయె. తెచ్చి నీ చేత్తోనే ఇచ్చి పోరాదా?" అంది. పాప అంటే మా అక్క కూతురి కూతురు. వరసకు నాకు మనవరాలు. అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది కావడంతో రిటైరు కాకముందే నేను తాతనైపోయాను.

మాది తమిళనాడులోని ధర్మపురి. మా పూర్వీకులు చిత్తూరు వైపు నుంచి ఎన్ని తరాల కిందట వచ్చారో మాకు లెక్క తెలియదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో రెండూ. ఇప్పుడు బెంగుళూరులో స్థిరపడ్డాక వాటికి కన్నడం కూడా తోడైంది. మన సంఘంలో చాలామందిది ఇదే కథ కనుక వివరించనక్కర లేదు.

బెంగుళూరు నుంచి ధర్మపురి సుమారు నూట నలభై కిలోమీటర్లు. పాత ఏడో నెంబరు జాతీయ రహదారి, ఇప్పటి నలభై నాలుగు. హోసూరు దాకా బస్సులో మూడు భాషలూ వినిపిస్తాయి. కృష్ణగిరి దగ్గర మామిడి తోటలు పలకరిస్తాయి. అక్కడి నుంచి ఎండ తీరే వేరు. ఎర్రనేల, నల్లరాతి గుట్టలు, చింతచెట్లు, రోడ్డు పక్కన పసుపు పచ్చని తంగేడు పూలు. ఈ తంగేడును గుర్తుంచుకోండి, మళ్ళీ దాని పని పడుతుంది.

ధర్మపురి పాత పేరు తగడూరు. ఆయుష్షు పెంచే ఉసిరికాయ దొరికితే తాను తినకుండా కవయిత్రి అవ్వైయార్‌కు ఇచ్చాడని చెప్పుకునే అదియమాన్ రాజు ఏలిన చోటు. 1792లో ఈ బారామహల్ ప్రాంతం టిప్పు సుల్తాన్ నుంచి ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాక, కెప్టెన్ రీడ్ కింద సహాయకుడిగా థామస్ మన్రో 1799 దాకా ఇక్కడ శిస్తు లెక్కలు చూశాడు. ఆ తర్వాత 1800లో మన రాయలసీమకు వెళ్ళింది ఈ మన్రోనే. అంటే మా ఊళ్ళో పనిచేసి, తర్వాత సీమకు వెళ్ళిన తొలి ఆఫీసర్లలో ఆయన ఒకరన్నమాట!

అక్క వాళ్ళు ఉండేది ధర్మపురిని ఆనుకున్న పల్లె చెట్టికరైలో. 2013లో మొదలైన ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ వల్ల ఈ పేరు ఇప్పుడు పిల్లల నోళ్ళలో నానుతోంది. తమిళంలో 'కరై' అంటే గట్టు, ఒడ్డు. చెట్టి ఎవరో, గట్టు ఏ చెరువుదో గాని, బ్యాంకు వాణ్ణి కనుక పేరులో చెట్టిగారు ఉండటం నాకు నచ్చింది. అయితే తమిళంలో 'ర'లు రెండు. మన బండి 'ఱ' లాంటి రెండో 'ర'తో రాస్తే 'కరై' అంటే మరక. బస్సు దిగి బోర్డు చూడగానే నాకు గట్టు కాదు, మరకే గుర్తొచ్చింది. అందుకు కారణం ఉంది.

మా నాన్న బొగ్గుల వ్యాపారి. ధర్మపురి బజారు వెనక సందులో కట్టెల అడితి, దాని పక్కనే కట్టెబొగ్గుల కొట్టు. తమిళంలో బొగ్గును 'కరి' అంటారు. బడిలో నా పేరు పిలిచిన వాళ్ళకంటే 'కరిక్కడై' అని పిలిచిన వాళ్ళే ఎక్కువ. ఇస్త్రీ బండి వాళ్ళు, టీ కొట్ల వాళ్ళు, కంసాలులు, కమ్మరులు అందరూ మా దగ్గరే కొనేవారు. వాళ్ళ బట్టలు తెల్లగా ఉండటానికి మా బట్టలు నల్లబడేవి.

నేను బి.కాం. పూర్తి చేసి బ్యాంకు పరీక్షకు దరఖాస్తు నింపుతున్నాను. 'తండ్రి వృత్తి' అనే గడి దగ్గర నా పెన్ను ఆగింది. 'బొగ్గుల వ్యాపారం' అని రాయాలి. నేను 'వ్యాపారం' అని మాత్రం రాశాను. నాన్న ఆ ఫారం చూస్తానన్నాడు. మసి అంటుతుందని పైపంచె కొంగుతో కాగితం అంచు పట్టుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదివాడు. "వ్యాపారమే గదప్పా, తప్పేం రాయలా" అని తిరిగి ఇచ్చేశాడు. అంతే. ఆ తర్వాత ఎన్నో వేల దరఖాస్తులు నా బల్ల మీదికి వచ్చాయి. 'వ్యాపారం' అని మాత్రం రాసిన ప్రతివాణ్ణీ "ఏ వ్యాపారం? వివరంగా రాయండి" అని అడిగాను. అడిగిన ప్రతిసారీ ఆ ఫారమే గుర్తొచ్చింది.

బేసరి కథ కూడా బొగ్గుతో ముడిపడిందే. అమ్మకు ఏడు రాళ్ళ రవ్వల బేసరి, కమ్మలు పుట్టింటి వాళ్ళు పెట్టారు. వానాకాలంలో బట్టీ పెట్టడం కుదరదు కనుక వేసవిలోనే కట్టె కొని కాల్చి నిల్వ చేయాలి. దానికి పెట్టుబడి కావాలి. ఏటా ఉగాది వెళ్ళగానే అమ్మ నగలు తాకట్టు కొట్టుకు వెళ్ళేవి, దీపావళికి తిరిగొచ్చేవి. ఆ ఆరేడు నెలలూ ముక్కు కుట్టు పూడిపోకుండా అమ్మ వేపపుల్ల పెట్టుకునేది. మా కామర్సు భాషలో దీన్ని వర్కింగ్ కేపిటల్ అంటారు. తాకట్టు కొట్టాయన రాళ్ళ బరువు తీసేసి బంగారానికే అప్పు ఇచ్చేవాడు. నేను బ్యాంకులో నగల అప్పులు చూసినప్పుడు కూడా అదే పద్ధతి. ప్రపంచం వెర్రెత్తిపోయే వజ్రం మా లెక్కలో తీసివేత!

అక్క ఇంట్లో భోజనమయ్యాక బేసరి డబ్బా తీసి పాప చేతికిచ్చాను. కళ్ళకద్దుకుంది. వెంటనే పెట్టుకుంటుందనుకుంటే, లోపలికి వెళ్ళి ఒక పెన్సిలు, పొయ్యి దగ్గరి బొగ్గుముక్క తెచ్చి బేసరి పక్కన పెట్టింది.

"తాతా, ఈ మూడింట్లో తేడా ఏముంది?" అంది.

"ధరలో తేడా ఉంది" అన్నాను.

పాప మెకానికల్ విద్యార్థిని. "మూడూ కార్బనే తాతా. ఒక్కొక్క అణువు నాలుగు చేతులున్న మనిషి అనుకో" అంటూ మొదలుపెట్టింది. ఆమె చెప్పినదాన్ని నాకు అర్థమైనంత వరకు మీకు చెబుతాను.

వజ్రంలో ప్రతి కార్బన్ అణువూ నాలుగు చేతులతో చుట్టూ ఉన్న నలుగురినీ గట్టిగా పట్టుకుంటుంది. అటూ ఇటూ, పైనా కిందా ఎక్కడా సందు లేదు. అందుకే దానంత గట్టి పదార్థం ప్రకృతిలో దొరకడం అరుదు. పెన్సిల్లో ఉండే గ్రాఫైటులో ఒక్కో అణువు ముగ్గురినే పట్టుకుని తేనెపట్టు గళ్ళలాగా పరుచుకుంటుంది. అలాంటి పొరలు ఒకదాని మీద ఒకటి దొంతరగా ఉంటాయి. పొరకూ పొరకూ పట్టు తక్కువ. కాగితం మీద రుద్దితే పొరలు జారి అంటుకుంటాయి. అదే మన రాత. మిగిలిపోయిన నాలుగో చెయ్యి వల్ల గ్రాఫైటులో కరెంటు పారుతుంది, వజ్రంలో పారదు. మన చిన్నప్పుడు పెన్సిలు ములుకును 'సీసం' అనుకునేవాళ్ళం. అది సీసం కాదని 1779లోనే షీలే అనే స్వీడన్ శాస్త్రవేత్త తేల్చాడు. బంకమట్టి కలిపి కాల్చే ఇప్పటి పద్ధతిని 1795లో ఫ్రాన్సులో కాంటే కనిపెట్టాడు.

ఇక బొగ్గు. అందులో కూడా గ్రాఫైటు పొరల తునకలే ఉంటాయి గాని ఒక వరస లేదు. చిందరవందరగా, సందులు సందులుగా ఉంటాయి. "సంత రోజు బస్టాండు మాదిరి" అంది పాప.

"మూడూ ఒకటేనని ఎట్లా నమ్మేది?" అని బ్యాంకు బుద్ధితో అడిగాను. ఋజువు లేనిదే మేము సంతకం పెట్టం కదా.

1772లో లవోయిజేరు పెద్ద భూతద్దంతో ఎండను వజ్రం మీదికి మళ్ళించి దాన్ని కాల్చేశాడట. 1797లో స్మిత్సన్ టెనెంట్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఇంకో అడుగు వేశాడు. సమాన తూకం వజ్రాన్నీ బొగ్గునూ కాలిస్తే వచ్చే బొగ్గుపులుసు వాయువు కూడా సమానమేనని చూపాడు. 12 గ్రాముల కార్బన్ ఏ వేషంలో ఉన్నా, పూర్తిగా కాలితే 44 గ్రాముల వాయువే. ఇది నాకు బాగా అర్థమైంది. ఎన్ని పద్దుల కింద రాసినా చివర్లో మొత్తం సరిపోవాలి. టెనెంట్ చేసింది బ్యాలెన్స్ షీట్ పని.

పాప ఇంత చెప్పాక మన తరఫున నేనూ ఏదో ఒకటి చెప్పాలి కదా! "పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు ఎక్కువగా మన తెలుగునేల నుంచే వెళ్ళాయే" అన్నాను. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులను పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు చూసి వర్ణించాడు. బేరం జరిగింది గోల్కొండ పేరు మీద, తవ్వింది కృష్ణాతీరంలో. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ పాలైంది. అనంతపురం జిల్లాలో ఊరి పేరే వజ్రకరూరు. భూమిలో నూట యాభై కిలోమీటర్లకు పైగా లోతున, విపరీతమైన ఒత్తిడిలో పుట్టిన వజ్రాలను పైకి మోసుకొచ్చే కింబర్లైటు రాతి గొట్టాలు అక్కడ ఉన్నాయి. కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి వానలు పడగానే జనం వంగి వంగి వజ్రాలు వెతకడం ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం.

"మా పరీక్షలో వజ్రం రాదు తాతా, ఉక్కు వస్తుంది" అని నవ్వింది పాప. ఇనుములో కార్బన్ ఎంత ఉందన్నదే వీళ్ళకు పెద్ద పాఠమట. మామూలు ఇంటి కమ్మీలో నూటికి పావు పాలు, అటూ ఇటూగా. రెండు పాళ్ళు దాటితే పోత ఇనుము, సమ్మెట దెబ్బకు పగులుతుంది. నడుమ ఒకటిన్నర పాళ్ళ దగ్గర మన పాతకాలపు కత్తుల ఉక్కు. దాన్నే తెల్లవాళ్ళు 'వూట్జ్' అన్నారు. మన 'ఉక్కు' అన్న మాటే వాళ్ళ నోట అలా మారిందంటారు. నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా వెళ్ళింది. మా సేలం సీమలోనూ చేసేవారు. 1965 దాకా ధర్మపురి సేలం జిల్లాలోదే కదా. ఇక్కడి పద్ధతిని పందొమ్మిదో శతాబ్దంలో జోషియా మార్షల్ హీత్ అనే ఆయన రాసిపెట్టాడు. చిన్న మట్టి మూసలో ఇనుప ముక్కలు వేసి, వాటితో ఎండిన తంగేడు కట్టె, పైన జిల్లేడు ఆకులు పెట్టి, మూతి మట్టితో మూసి బొగ్గుల కొలిమిలో కాల్చేవారట. ఆ కట్టె మూసలోపలే బొగ్గై ఇనుములోకి ఇంకేది. దారి పొడుగునా చూసిన తంగేడు పని ఇదీ!

కొత్త రూపాలు కూడా ఉన్నాయట. 1985లో అరవై అణువులతో ఫుట్‌బాల్ ఆకారం దొరికింది. కనుగొన్న ముగ్గురికీ 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. 2004లో మాంచెస్టరులో ఇద్దరు శాస్త్రవేత్తలు గ్రాఫైటు మీద మామూలు అంటుకునే టేపు వేసి పీకి పీకి, చివరికి ఒక్క అణువు మందం పొరను విడదీశారు. దాని పేరు గ్రాఫీన్. 2010లో వాళ్ళకూ నోబెల్ వచ్చింది. టేపుతో నోబెల్ వచ్చిందంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు.

ఇక్కడిదాకా చెప్పి పాప అసలు సంగతి బయటపెట్టింది. కాలేజీ ప్రదర్శనకు నీటి ఫిల్టరు నమూనా చేయాలి. అందులోకి టెంకాయ చిప్పల బొగ్గు కావాలి. రెండుసార్లు పెరట్లో ప్రయత్నించింది. ఒకసారి బూడిద మిగిలింది, ఒకసారి సగం కాలిన చిప్పలు మిగిలాయి. "బొగ్గు కొనుక్కోవచ్చు తాతా. కానీ ఎట్లా చేశావని అడుగుతారు. నీకు తెలుసా?"

నాకు తెలుసా! నలభై ఏళ్ళుగా నేను ఎవరికీ చెప్పని చదువు అదొక్కటే. పన్నెండేళ్ళ వయసు నుంచి నాన్నతో బట్టీ దగ్గర రాత్రులు కాపలా ఉన్నవాణ్ణి.

మర్నాడు పొద్దున్నే అక్క ఇంట్లోని పాత డ్రమ్ము దొర్లించాం. అడుగున ఐదారు చిల్లులు పొడిచి, మూడు రాళ్ళ మీద నిలబెట్టి, చిప్పలు నింపి పైన నిప్పు పెట్టాను. మొదట చిక్కటి తెల్లపొగ లేచింది. "ఇది నీళ్ళు పోవడం" అన్నాను. గంట గడిచాక పొగ పసుపు పచ్చగా, కళ్ళు మండేలా మారింది. "ఇది నూనెలు, తారు" అని పాప అందుకుంది. అప్పుడు నాన్న మాట నా నోటి నుంచి వచ్చింది: "తెల్లపొగ నీళ్ళది, పచ్చపొగ కట్టెది, నీలంపొగ మనది. నీలంపొగ చూసినాక నిద్రపోతే మిగిలేది బూడిదే."

పొగ పలచబడి సన్నటి నీలంరంగుకు తిరగగానే కింద చిల్లులకు మట్టి ఎత్తి, పైన మూత పెట్టి, అంచంతా తడిమట్టితో మెత్తాను. గాలి లోపలికి పోతే కార్బన్ కాలిపోయి వాయువైపోతుంది. గాలి ఆగితే కార్బన్ నిలుస్తుంది. బొగ్గు చేయడమంటే కాల్చడం కాదు, కాలిపోకుండా ఆపడం. ఇది నాన్నకు తెలుసు. పేర్లు మాత్రం తెలియవు. బట్టీ కంతల మీదికి మమ్మల్ని వంగనిచ్చేవాడు కాదు, "మత్తు కమ్ముతుంది" అనేవాడు. అది కార్బన్ మోనాక్సైడ్ అని, వాసన కూడా ఉండదని, ప్రాణాలు తీస్తుందని పాప చెప్పింది. చలికాలంలో తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకునే అలవాటు మీ ఇళ్ళలో ఎవరికైనా ఉంటే దయచేసి మాన్పించండి.

రాత్రంతా ఆగి, డ్రమ్ము చల్లబడ్డాకే తెరిచాం. తొందరపడి తెరిస్తే గాలి తగిలి మళ్ళీ అంటుకుంటుంది. చిప్పలు చిప్పల ఆకారంలోనే ఉన్నాయి, కాకపోతే నల్లగా, తేలిగ్గా. రెండు ముక్కలు తీసి ఒకదానితో ఒకటి కొట్టాను. గాజు పెంకుల్లా ఖంగుమన్నాయి. మంచి బొగ్గుకు అదే గుర్తు. మా అక్క గడపలో నిలబడి, "నాయన మాదిరే కొడతా ఉండావే" అంది. నేను తల ఎత్తలేదు.

ఈ బొగ్గును ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీల వేడిలో ఆవిరి తగిలిస్తే లోపల లెక్కలేనన్ని సన్న రంధ్రాలు తెరుచుకుంటాయట. దాన్ని యాక్టివేటెడ్ కార్బన్ అంటారు. ఒక్క గ్రాములో ఉన్న రంధ్రాల గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తుంది. మన ఇళ్ళలో నీటి ఫిల్టర్లలో వాసన, క్లోరిన్ పీల్చేది అదే. ఇంటి డ్రమ్ములో అంత వేడి సాధ్యం కాదు గనుక పాప నమూనాలో గులకరాళ్ళు, ఇసుక, మామూలు బొగ్గు మాత్రమే వేసింది.

ఒక సంగతి మాత్రం అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసింది: 'ఈ ఫిల్టరు ఫ్లోరైడును తీయలేదు.' ధర్మపురి జిల్లా బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎంతోమంది పళ్ళనూ ఎముకలనూ దెబ్బతీసింది. మన నల్గొండ బాధే ఇక్కడా. పటిక, సున్నం వాడి ఫ్లోరైడు తీసే 'నల్గొండ పద్ధతి' అక్కడి పేరుతోనే ప్రపంచానికి తెలిసింది. ఇక్కడ 2013లో కావేరి నీళ్ళతో హొగెనేకల్ మంచినీటి పథకం మొదలైంది. "చేయలేనిది చేస్తుందని రాస్తే మార్కులొస్తాయి గాని నీళ్ళు తాగేవాళ్ళకు ద్రోహం తాతా" అంది పాప. ఉన్నది ఉన్నట్టు రాయడం గురించి ఆ పిల్ల నాకు చెబుతోంది!

బయలుదేరే ముందు పాప ప్రాజెక్టు పుస్తకం తెచ్చింది. చివరి పేజీలో కృతజ్ఞతలు. "బొగ్గు చేసే విధానం నేర్పినవారు అని నీ పేరు రాస్తాను. హోదా ఏం రాయాలి, సీనియర్ మేనేజరా?" అని అడిగింది.

"నా పేరు వద్దమ్మా. మా నాన్న పేరు రాయి" అన్నాను.

"ముత్తాత ఏం చేసేవాడని రాయాలి? వ్యాపారమా?"

"బొగ్గుల వ్యాపారం. వివరంగా రాయి" అన్నాను.

రాసింది. నా చేతులు ఇంకా నల్లగానే ఉన్నాయి. పేజీ చూపించబోతే మసి అంటుతుందని, జేబురుమాలు కొంగుతో అంచు పట్టుకుని చదివాను.

బస్సు ఎక్కించడానికి పాప వచ్చింది. ముక్కున అమ్మ బేసరి ఉంది. గోళ్ళ సందుల్లో బొగ్గుమసి ఉంది. రెండూ ఆ పిల్లకు బాగానే అమరాయి.

మీరెవరైనా హొగెనేకల్ జలపాతం చూడబోతే, ధర్మపురి మీదుగా పోవచ్చు. అక్కడి నుంచి జలపాతం నలభై ఆరు కిలోమీటర్లు. దారిలో తంగేడు పూలు కనిపిస్తే పిల్లలకు ఉక్కు కథ చెప్పండి. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళకు తెలిసిన పని ఏదో ఒకటి ఉండే ఉంటుంది. నేత కావచ్చు, కుండ కావచ్చు, బొగ్గు కావచ్చు. వాళ్ళు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి. నాన్నను అడగాల్సినవి నాకింకా చాలా మిగిలిపోయాయి.